జాంగో వాడేవారి సముదాయాన్ని పెంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలూ జవాబులూ ఎవరి కోసం?

జాంగో అనే ఓపెన్ సోర్స్ వెబ్ ఫ్రేమ్‌వర్కును (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి తోడ్పడే, కోడ్ అందరికీ అందుబాటులో ఉండే సాధనాన్ని) తమ కాలేజీలోనో, ఆఫీసులోనో, ఊళ్ళోనో మరికొందరికి పరిచయం చేయాలనుకుంటున్నవారి కోసం. కొన్నేళ్ళుగా హైదరాబాదులోనూ విజయవాడలోనూ శిక్షణ శిబిరాలు, మీటప్‌లు జరిపేవారిలో నేనూ ఒకణ్ణి కనుక, నన్ను మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట చేర్చాను. కోడ్ నేర్పడం వీటి ఉద్దేశం కాదు. కోడ్ నేర్చుకోవడానికి వచ్చిన మనిషి రెండోసారి కూడా ఎందుకు వస్తాడు, ఎందుకు రాడు అన్నదే ఇక్కడి విషయం.

జాంగో ఎక్కడ పుట్టింది? దాని పుట్టుకకూ సముదాయానికీ సంబంధం ఏమిటి?

2003లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే పట్టణంలో, లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే దినపత్రిక వెబ్ విభాగంలో ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ దీన్ని మొదలుపెట్టారు. పత్రికాఫీసులో పొద్దున అడిగిన పేజీ సాయంత్రానికి సిద్ధం కావాలి. విలేఖరులు ప్రోగ్రామర్ల సాయం లేకుండానే వార్తలు ఎక్కించగలగాలి. సైటులోని సమాచారాన్ని బ్రౌజర్‌లోనే చేర్చి, మార్చుకునే జాంగో అడ్మిన్ పేజీలు ఆ అవసరంలోంచి వచ్చినవే, ఈనాటికీ కొత్తవారిని ఎక్కువగా ఆకట్టుకునేదీ అదే. 2005 జులైలో దీన్ని ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోనిచ్చే బీఎస్‌డీ లైసెన్సు కింద అందరికీ విడుదల చేశారు. పేరు మాత్రం జాంగో రైన్‌హార్ట్ అనే జ్యాజ్ గిటారిస్టుది. ఇంగ్లీషు స్పెల్లింగులో మొదటి అక్షరం పలకదని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు చెప్పాల్సి వస్తుంది. తెలుగు లిపిలో రాసుకునే మనకు ఆ బెడద లేదు.

ప్రోగ్రామర్లు వాడుకునే కోడ్ లైబ్రరీ అయినా, ఫ్రేమ్‌వర్కైనా, రాసినవారి ఆఫీసు గోడలు దాటి బయటికి వచ్చాక బతికి బట్టకట్టాలంటే రాయనివారు కూడా దాన్ని తమదనుకోవాలి. జాంగోకు మొదటి నుంచీ వివరమైన డాక్యుమెంటేషన్ ఉండడం ఇందుకు ఎంతో ఉపకరించింది. ఏ కొత్త సదుపాయం చేర్చాలన్నా కోడ్‌తో పాటు దాని పరీక్షలూ, వివరణా రాసి ఇవ్వాల్సిందే అన్న పట్టుదల ఆ ప్రాజెక్టులో ఇప్పటికీ ఉంది.

సముదాయం పెరిగిందని దేన్నిబట్టి చెప్పగలం? డౌన్‌లోడ్‌ల సంఖ్య చాలదా?

చాలదు. సర్వర్లలో ఆటోమేటిక్‌గా జరిగే ఇన్‌స్టలేషన్లు కూడా ఆ లెక్కలో కలిసిపోతాయి కనుక అది మనుషుల లెక్క కాదు. మీటప్ పేజీలో పేరు నమోదు చేసుకున్నవారి సంఖ్య కూడా అంతే. ఉచితమైన కార్యక్రమానికి పేరు ఇచ్చినవారిలో సగం మంది వస్తే సంతోషించాలి. నేను చూసేది రెండింటినే. మొదటిసారి వచ్చినవారిలో ఎందరు మళ్ళీ వచ్చారు? అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పినవారిలో నిర్వాహకులు కానివారు ఎందరు? ఈ రెండో సంఖ్య సున్నా దగ్గరే ఆగిపోయిందంటే మనం నడుపుతున్నది సముదాయం కాదు, ఫీజు లేని ట్యూషన్.

కొత్తవారి కోసం మొదటి సభ ఎలా జరపాలి?

ఉపన్యాసంతో మొదలుపెట్టవద్దు. ఇన్‌స్టలేషన్‌తో మొదలుపెట్టండి, వీలైతే దాన్ని ముందురోజు సాయంత్రమే ముగించండి. ఈ సలహా వెనుక నాకు తగిలిన ఒక దెబ్బ ఉంది. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అరవై మందికి ఒక్కరోజు శిబిరం పెట్టాము. ఉదయం పదకొండున్నర దాకా వెబ్ చరిత్ర, ఎంవీసీ, ఎంవీటీ అనే కోడ్ అమరిక పద్ధతులు అంటూ స్లైడ్లు చూపించి, ఆ తర్వాత "ఇక మీ ల్యాప్‌టాప్‌లు తెరవండి" అన్నాము. పైథాన్ ఇన్‌స్టాలర్ మొదటి తెరలో అడుగున ఉండే, పైథాన్ ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలిపే పాత్ గడిలో టిక్కు పెట్టనివారు సగానికి పైగా ఉన్నారు. టిక్కు పెట్టినవారికి పవర్‌షెల్ అనే ఆదేశాల కిటికీలో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్రాజెక్టు ప్యాకేజీలను వేరుగా ఉంచే ఏర్పాటు) ఆన్ చేయబోతే, ఈ సిస్టమ్‌లో స్క్రిప్టులు నడపడానికి అనుమతి లేదంటూ ఎర్రటి వరుసలు వచ్చాయి. దాని బదులు కమాండ్ ప్రాంప్ట్ అనే మరో ఆదేశాల కిటికీ తెరిస్తే ఆ అడ్డంకి ఉండదని మాకు తెలుసు. అరవై మందికి చెప్పడానికి ఉన్నది మాత్రం ముగ్గురమే. పైగా ల్యాబ్ నెట్‌వర్కు పైథాన్ ప్యాకేజీల సైటును అడ్డుకుంటోందని భోజనాల వేళకు గాని తెలియలేదు. మధ్యాహ్నం తిరిగి వచ్చినవారు ఇరవై ఇద్దరు.

ఆ తర్వాత మేము పద్ధతి మార్చుకున్నాము. వారం ముందే ఆ ల్యాబ్‌కు వెళ్ళి, అక్కడి నెట్‌వర్కు మీదే ఒక కొత్త యంత్రంలో అంతా ఇన్‌స్టాల్ చేసి చూస్తాము. ఆరుగురికి ఒక సహాయకుడు తప్పనిసరి. ప్యాకేజీల ఫైళ్ళను రెండు పెన్‌డ్రైవ్‌లలో వెంట తీసుకువెళ్తాము. సర్వర్ నడిపి బ్రౌజర్‌లో 127.0.0.1:8000 తెరిచినప్పుడు జాంగో చూపించే రాకెట్ బొమ్మ ప్రతి ఒక్కరి తెర మీదా కనిపించేదాకా తర్వాతి మాట ఎత్తము. ఆ బొమ్మను ఫోన్‌లో ఫోటో తీసుకునేవారిని నేను ఎందరినో చూశాను. ఆ ఫోటో తీసుకున్నవారు మధ్యాహ్నం కూడా కూర్చుంటారు.

మహిళలకు వెబ్ ప్రోగ్రామింగ్ నేర్పే జాంగో గర్ల్స్ శిబిరాలు అంతగా ఎందుకు వ్యాపించాయి?

2014 జులైలో బెర్లిన్‌లో యూరోపైథాన్ అనే పైథాన్ ప్రోగ్రామర్ల సభల సందర్భంగా ఓలా సితార్‌స్కా, ఓలా సెండెట్స్కా అనే ఇద్దరు మొదటి శిబిరం జరిపారు. అంతకు నాలుగేళ్ళ ముందు హెల్సింకీలో మొదలైన, రైల్స్ అనే మరో ఫ్రేమ్‌వర్కుతో మహిళలకు ఇలాగే నేర్పే రైల్స్ గర్ల్స్ వారికి స్ఫూర్తి. కార్యక్రమం మంచిది కాబట్టి వ్యాపించిందని సరిపెట్టుకుంటే అసలు కారణం తప్పిపోతుంది. వారు తమ పాఠాన్నీ, నిర్వహణ విధానాన్నీ కూడా ఓపెన్ సోర్స్ చేశారు. ఎంతమందిని పిలవాలి, సహాయకులకు ఏమి చెప్పాలి, దరఖాస్తు ఎలా పెట్టాలి, ముందురోజు ఇన్‌స్టలేషన్ ఎలా జరపాలి అన్నవన్నీ రాసి పెట్టారు. అందువల్ల వారెన్నడూ చూడని ఊళ్ళో, వారెన్నడూ కలవని వ్యక్తి ఆ కాగితాలు ముందు పెట్టుకుని శిబిరం జరపగలిగాడు. పాఠాన్ని ఎందరో స్వచ్ఛందంగా తమ తమ భాషల్లోకి తెచ్చుకున్నారు.

ఆ పాఠం రాసిన తీరు కూడా గమనించదగ్గది. కమాండ్ లైన్ అంటే ఏమిటి, బ్రౌజర్‌లో చిరునామా కొడితే ఏమి జరుగుతుంది అన్నచోట నుంచి మొదలవుతుంది. "ఇది మీకు తెలిసే ఉంటుంది" అనే మాట అందులో ఉండదు. మన శిక్షణల్లో ఆ మాట ఎన్నిసార్లు వాడతామో ఒకసారి లెక్కపెట్టుకుంటే, వెనక వరుసలోని అమ్మాయిలు ఎందుకు నోరు విప్పరో కొంత అర్థమవుతుంది.

తెలుగువారు ప్రత్యేకంగా చేయగలిగింది ఏమైనా ఉందా?

చాలా ఉంది. జాంగో తన సందేశాలు చూపించగల భాషల జాబితాలో తెలుగు ఉంది. అయితే అనువాదం ఇంకా నిండుగా లేదు. ఈ పని గిట్‌హబ్ అనే కోడ్ సైటులో కాక ట్రాన్సిఫెక్స్ అనే అనువాద వేదిక మీద జరుగుతుంది కాబట్టి, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ అనే పనిముట్టు రానివారు కూడా చేయవచ్చు. తేలికగా కనిపిస్తుందే గాని ఇందులో భాష తెలిసినవారికి మాత్రమే పట్టుబడే చిక్కులున్నాయి. ఎంచుకున్నవాటిని తొలగించు అనే వాక్యంలో వస్తువు పేరు ఒక ఖాళీగా ఉంటుంది, ప్రోగ్రాము నడిచేటప్పుడు అక్కడ పేరు చేరుతుంది. ఆ ఖాళీ వెనుక మనం 'ను' ప్రత్యయం పెడితే తెర మీద 'పుస్తకాలు ను' అని వస్తుంది, 'పుస్తకాలను' అని రాదు. ఎందుకంటే తెలుగులో ప్రత్యయం చేరగానే మాట చివర మారిపోతుంది, ఆ సంగతి యంత్రానికి తెలియదు. అందువల్ల వాక్యాన్నే తిప్పి, 'ఎంచుకున్నవి తొలగించు: పుస్తకాలు' అనే తీరులో రాసుకోవాలి. మోడల్‌కు (ఒక రకం సమాచారాన్ని వర్ణించే కోడ్ ముక్కకు) బహువచనం పేరు విడిగా ఇవ్వకపోతే జాంగో ఏకవచనం చివర ఇంగ్లీషు 'ఎస్' తగిలిస్తుంది. 'పుస్తకం' పక్కన 'ఎస్' చూసి మా శిబిరంలో అందరూ ఒక్కసారిగా నవ్వారు. బహువచనం పేరు ఎందుకు రాయాలో ఆ రోజు విడిగా చెప్పాల్సిన పని పడలేదు.

ఇంకో ఉదాహరణ చెబుతాను. శీర్షికను వెబ్ చిరునామాకు తగ్గట్టు మార్చే స్లగిఫై అనే ఫంక్షన్ జాంగోలో ఉంది. మామూలుగా అది ఆస్కీ అక్షరాలనే (ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ వంటివాటినే) ఉంచుతుంది కనుక 'తెలుగు' అని ఇస్తే ఏమీ మిగలదు. అన్ని లిపులనూ కలుపుకునే యూనికోడ్‌ను అనుమతించమని చెప్పి మళ్ళీ ఇస్తే 'తలగ' అని వస్తుంది. ఎత్వమూ కొమ్ములూ రాలిపోతాయి. యూనికోడ్ మన గుణింతపు గుర్తులను అక్షరాల కోవలో కాక మార్కుల కోవలో ఉంచింది. అక్షరాల నమూనాలు వెతికే పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో పదంలోని అక్షరాన్ని సూచించే గుర్తు ఆ మార్కులను లెక్కలోకి తీసుకోదు. ఫలితంగా 'కల', 'కాలు', 'కీలు', 'కూలి' అనే నాలుగు శీర్షికలకూ ఒకటే చిరునామా వస్తుంది. తెలుగులో వార్తల సైటు కట్టేవారికి ఇది మొదటి వారంలోనే ఎదురవుతుంది, లారెన్స్ పట్టణంలో పత్రిక నడిపేవారికి ఎన్నటికీ ఎదురుకాదు. వాడేవారు పెరగడమంటే సంఖ్య పెరగడమే కాదని నేను అనడానికి కారణం ఇదే. కొత్త లిపితో వచ్చిన ప్రతి గుంపూ ఫ్రేమ్‌వర్కులో అంతవరకు ఎవరికీ కనబడని పగుళ్ళను వెంట తెస్తుంది. వాటిని తిట్టుకుంటూ తన కోడ్‌లో అతుకు వేసుకుని ఊరుకుంటే అతడు వాడుకరి. ప్రాజెక్టులో నమోదైన పాత టికెట్లు (లోపాల ఫిర్యాదులు) వెతికి, లేకపోతే ఉదాహరణతో సహా ఒకటి రాసి పెడితే సముదాయంలో మనిషి.

కాలేజీలో విద్యార్థులందరిచేత తలా ఒక పుల్ రిక్వెస్ట్ (తమ మార్పును ప్రాజెక్టులో చేర్చమనే వినతి) పెట్టించవచ్చా?

దయచేసి వద్దు. ఎక్స్‌ప్రెస్ అనే మరో ప్రసిద్ధ వెబ్ ఫ్రేమ్‌వర్కుకు 2024 మొదట్లో ఏమి జరిగిందో గుర్తు చేసుకోండి. పుల్ రిక్వెస్ట్ ఎలా పెట్టాలో చూపించే ఒక భారతీయ వీడియో పాఠాన్ని అనుకరిస్తూ విద్యార్థులు వందల సంఖ్యలో, ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలులో తమ పేర్లు చేర్చి పంపారు. నిర్వాహకులు ఒక్కొక్కటే మూసుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. పుల్ రిక్వెస్టులు పంపినవారికి టీ షర్టులిచ్చే హక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో 2020 అక్టోబరులో జరిగిన గొడవ కూడా ఇలాంటిదే. ఆ దెబ్బతో నిర్వాహకులు ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకునేలా నిబంధన మార్చారు. పిల్లల తప్పు ఇందులో తక్కువ, మార్కులకోసమో సర్టిఫికెట్ కోసమో వారిని అలా పురికొల్పినవారిది ఎక్కువ. గిట్ అభ్యాసానికి మీ కాలేజీలోనే ఒక రిపోజిటరీ (కోడ్ దాచే చోటు) పెట్టండి. అందులో పేర్లు, పెరుగన్నం ఫోటోలు, ఏవైనా చేర్చుకోవచ్చు.

మరి నిజమైన మొదటి ప్యాచ్ (కోడ్ సవరణ) ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి?

జాంగో కోడ్ గిట్‌హబ్‌లో ఉన్నా, టికెట్లు మాత్రం ట్రాక్ అనే పాత వ్యవస్థలోనే ఉన్నాయి. అక్కడ కొత్తవారికి తగినవాటికి 'తేలికైనవి' అనే అర్థం వచ్చే గుర్తు పెడతారు. అయితే అలాంటి టికెట్ల మీద ఎప్పుడూ నలుగురు కాచుకుని ఉంటారు. నా అనుభవంలో అంతకన్నా మంచి దారి ఇతరుల ప్యాచ్‌ను సమీక్షించడం. కొత్తగా వచ్చిన టికెట్‌లోని బగ్గు తన యంత్రంలో కూడా వస్తోందో లేదో సరిచూసి, ఏ వెర్షన్‌లో వచ్చిందో రాసి పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒక ప్యాచ్ చేర్చడానికి సిద్ధంగా ఉందని గుర్తు పెట్టే పని కూడా, దాన్ని రాసినవారు తప్ప సముదాయంలో ఎవరైనా చేయవచ్చు. తోడు కావాలనుకునేవారికి జాంగోనాట్ స్పేస్ అనే కార్యక్రమం ఉంది. ఎనిమిది వారాల పాటు అనుభవజ్ఞులు చిన్న బృందాలను వెంటబెట్టుకుని నడిపిస్తారు.

జాంగోను ఎవరు నడుపుతున్నారు? ఒకరిద్దరు వెళ్ళిపోతే ప్రాజెక్టు ఆగిపోదా?

ఈ ప్రశ్న ఎక్కువగా కంపెనీల మేనేజర్లు అడుగుతారు. అడగవలసినదే. మొదట్లో తుది నిర్ణయాలు ఏడ్రియన్ హొలొవాటీ, జేకబ్ కాప్లన్-మాస్ చేతుల్లో ఉండేవి. 2014 జనవరిలో ఇద్దరూ ఆ హోదా నుంచి తప్పుకున్నారు. తర్వాత సాంకేతిక మండలి ఏర్పడింది, 2020లో కోడ్ చేర్చే అధికారం ఉన్న కోర్ టీమ్ అనే ప్రత్యేక వర్గాన్నే రద్దు చేశారు. ఇప్పుడు సాంకేతిక దిశను చూసుకునేది ఎన్నికైన స్టీరింగ్ కౌన్సిల్. పేరు, నిధులు, న్యాయపరమైన వ్యవహారాలు 2008లో ఏర్పడిన జాంగో సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చూస్తుంది. కుర్చీలో ఉన్నవారు తామే లేచి మరొకరికి చోటివ్వడం మన సంఘాల్లో, సమితుల్లో అరుదు కాబట్టి ఈ వరుసను కాస్త వివరంగా చెబుతుంటాను.

అంతా స్వచ్ఛందమే అయినప్పుడు డబ్బు ఎందుకు?

ఎవరికీ సరదా కాని పనులు కొన్ని ఉంటాయి కాబట్టి. కొత్త టికెట్లను వడకట్టడం, భద్రతా లోపాల మీద గుట్టుగా పనిచేయడం, విడుదలలను వేళకు బయటికి తేవడం, మొదటిసారి ప్యాచ్ పంపినవారికి ఓపికగా జవాబివ్వడం వంటివి సెలవురోజుల్లో చేసేవారి మీద వదిలేస్తే పేరుకుపోతాయి. ఫౌండేషన్ 2014లో ఫెలో అనే జీతపు ఉద్యోగాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. మొదటి ఫెలో టిమ్ గ్రాహమ్. నా అభిప్రాయంలో జాంగో సముదాయానికి జరిగిన మేళ్ళలో ఇదే పెద్దది. పంపిన ప్యాచ్‌కు ఆరు నెలలు జవాబు రాని మనిషి రెండో ప్యాచ్ పంపడు. అతడు అలిగి వెళ్ళాడన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

ఒక ప్రత్యేకమైన పనికి నేరుగా వాడేవారినే చందా అడగవచ్చు. డేటాబేస్ మైగ్రేషన్లను (పట్టికల నిర్మాణాన్ని కోడ్‌కు తగ్గట్టు మార్చే పద్ధతిని) జాంగోలో భాగం చేయడానికి ఆండ్రూ గాడ్విన్ అనే ప్రోగ్రామర్ 2013లో కిక్‌స్టార్టర్ అనే చందాల సైటులో 2,500 పౌండ్లు అడిగితే ఏడింతలకు పైగా వచ్చాయి. ఆ పని 2014లో 1.7 విడుదలతో అందరికీ అందింది. అప్పటికే ఆ పని కోసం ఆయన రాసిన సౌత్ అనే ప్యాకేజీని అంతా వాడుతుండడం వల్ల జనం నమ్మి ఇచ్చారు. అంతకుముందు ఏమీ చేయనివారు అడిగితే ఇలా రాదు.

కొత్తవారు అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ అడుగుతారు. విసుగు రాదా?

వస్తుంది. విసుగు వచ్చినరోజు జవాబు చెప్పకండి, మరొకరికి అప్పగించండి. మా వాట్సాప్ గ్రూపులో ఒక నియమం పెట్టుకున్నాము. ఎర్రర్‌ను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టినవారిని మందలించకుండా, "చివరి నాలుగు వరుసలు కాపీ చేసి పెట్టండి" అని ఒక్క వాక్యం రాస్తాము. ట్రేస్‌బ్యాక్‌ను (ఎర్రర్ వచ్చినప్పుడు పైథాన్ చూపే వివరాల వరుసలను) కింది నుంచి పైకి చదవాలని ఎవరూ చెప్పకుండా ఎవరికీ తెలియదు. ప్రశ్న తెలుగులో వస్తే జవాబు తెలుగులోనే ఇస్తాము. ఇంగ్లీషులో వాక్యం కుదరక ప్రశ్ననే మింగేసుకునేవారు మన జిల్లాల కాలేజీల్లో చాలామంది. ఒకే ప్రశ్న మూడోసారి వచ్చిందంటే అది అడిగినవారి లోపం కాదు, మన పాఠంలో ఏదో దశ రాయడం మరిచామని అర్థం.

మీటప్‌లు ఎక్కడ, ఎంత తరచుగా జరపాలి?

నెలకొకసారి, ఒకే వారం, ఒకే చోట. ఘనంగా జరిపి నాలుగు నెలలు మాయమవడం కంటే ఎనిమిది మందితోనైనా క్రమం తప్పకపోవడం మేలు. విడిగా జాంగో కోసమే జనం చాలని ఊళ్ళో పైథాన్ బృందంతో కలిసి జరపండి. హైదరాబాదులో హైడ్‌పై అనే పైథాన్ బృందం ఉంది. 2009లో బెంగళూరులో మొదలైన పైకాన్ ఇండియా అనే జాతీయ పైథాన్ సభ 2018లో హైదరాబాదులోనే జరిగింది. ఫౌండేషన్ శిబిరాలకు, సభలకు చిన్న గ్రాంట్లు ఇస్తుంది. ముందుగా ఖర్చుల పట్టిక రాసుకుని దరఖాస్తు చేసుకోండి. సమోసాలు, టీ ఖర్చు అందులో చేర్చడానికి మొహమాటపడనక్కరలేదు.

ప్రవర్తనా నియమావళి అవసరమా?

అవసరం. జాంగో 2013లోనే ఒకటి చేసుకుంది. దాన్నే వాడుకోవచ్చు. కాకపోతే ఫిర్యాదు ఎవరికి చేయాలో ఇద్దరి పేర్లు, వారిలో ఒకరు మహిళ అయ్యేట్టు, గోడ మీద తెలుగులో రాసి అంటించండి. ఆ ఇద్దరి పేర్లు లేని నియమావళి ఎవరికీ అక్కరకు రాదు.

పాతవారు జారిపోకుండా ఏమి చేయాలి?

అప్‌గ్రేడ్ భయాన్ని పోగొట్టాలి. జాంగో దాదాపు ఎనిమిది నెలలకొక విడుదల ఇస్తుంది. వాటిలో ఎల్‌టీఎస్ అనే దీర్ఘకాలిక విడుదలకు మూడేళ్ళ పాటు భద్రతా సవరణలు వస్తాయి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.2 అలాంటిదే. తీసేయబోయే సదుపాయాల గురించి ముందుగానే హెచ్చరికలు ఇచ్చి, కనీసం రెండు విడుదలల తర్వాతే తొలగిస్తారు. ఈ సంగతి తెలియక ఏళ్ళ తరబడి పాత వెర్షన్‌లో ఇరుక్కుపోయి, చివరికి ఫ్రేమ్‌వర్కునే మార్చేసే కంపెనీలున్నాయి. ఏడాదికొక మీటప్‌ను అప్‌గ్రేడ్‌కే కేటాయించి, ఎవరిదో ఒకరి నిజమైన ప్రాజెక్టును అందరి ముందూ ఒక మెట్టు పైకి ఎక్కించి చూపండి. అనుభవజ్ఞులు వచ్చేది ఆ మీటప్‌కే.

నిర్వాహకులు ఊరు మారితే సముదాయం నిలుస్తుందా?

ముందే ఏర్పాటు చేసుకుంటే నిలుస్తుంది. మా మీటప్ ఖాతా ఒకే ఒక్కరి ఫోన్ నంబరుతో ముడిపడి ఉండేది. ఆయన ఉద్యోగం మారి డాలస్ వెళ్ళాక ఆ నంబరు పనిచేయడం మానేసింది. ఓటీపీ రాక, సభ్యుల జాబితా చేతికి అందక మాకు మూడు నెలలు పోయాయి. ఇప్పుడు ప్రతి ఖాతాకూ ఇద్దరు యజమానులు ఉంటారు. హాలు ఇచ్చేవారి ఫోన్ నంబరు, ప్రొజెక్టర్ తంతి ఏ అల్మరాలో ఉంటుంది, వాచ్‌మన్‌కు తాళం గురించి ముందురోజు ఎన్ని గంటలకు చెప్పాలి అన్నవి ఒక పేజీలో రాసి ఉంటాయి. ప్రతి జనవరిలోనూ ఆ పేజీని అప్పటిదాకా నిర్వహణ చేయని ఒకరి చేతికిచ్చి, ఆ నెల మీటప్‌ను మమ్మల్ని ఏమీ అడగకుండా జరపమంటాము. వారు ఎక్కడ ఆగిపోయి ఫోన్ చేస్తే అక్కడ ఆ పేజీలో ఇంకో వరుస చేరుస్తాము.